గాలిలో బ్యాక్టీరియా ఎన్ని అని కాదు, ఎక్కడివి అని అడగండి

విశాఖపట్నంలో కాలుష్యం మాటెత్తితే అది నల్లగానే ఉంటుంది. పోర్టు దగ్గర్లో ఉండేవాళ్లను, మల్కాపురం, శ్రీహరిపురం వైపువాళ్లను ఎవరిని కదిపినా డాబా మీద పేరుకున్న నల్ల పొడి, ఆరేసిన తెల్లబట్టల మీద మసి, కిటికీ ఊచల మీద వేలితో రాస్తే అంటుకునే బొగ్గు నుసి, ఇదే గోల. తప్పేం లేదు, కంటికి కనిపించేదాని గురించే ఎవరైనా మాట్లాడతారు. దానికి తోడు 2020 మే 7న తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయిన ఊరు ఇది, కాబట్టి గాలి అనగానే మన చూపు ఫ్యాక్టరీ గొట్టం మీదకే పోతుంది. నేను మాత్రం ఇప్పుడు డాబా మీద మరక కూడా మిగల్చని సరుకు గురించి రాస్తున్నాను. బయటి గాలిలో తిరిగే బ్యాక్టీరియా గురించి.

ముందే చెప్పేస్తున్నా, ఇది భయపెట్టడానికి రాస్తున్నది కాదు. ఆ పని ఎయిర్ ప్యూరిఫయర్లు అమ్మేవాళ్లు, వాట్సాప్‌లో ఫార్వర్డు చేసేవాళ్లు బాగానే చేస్తున్నారు. నేల మీద ఎక్కడి గాలి తీసుకున్నా ఒక ఘనపు మీటరులో పదివేల నుంచి పది లక్షల దాకా బ్యాక్టీరియా కణాలు ఉండడం మామూలు విషయం. మనం రోజుకి పది పన్నెండు ఘనపు మీటర్ల గాలి పీలుస్తాం. అంటే తక్కువలో తక్కువ లక్ష, ఎక్కువలో ఎక్కువ కోటి పైన, రోజూ ముక్కులోంచి లోపలికి పోతూనే ఉన్నాయి. మన తాతముత్తాతలు కూడా పీల్చారు. వీటిలో చాలా భాగం మట్టిలోంచి, ఆకుల మీదనుంచి లేచినవి, మన జోలికి రానివి. అందుకే "మన గాలిలో లక్షల బ్యాక్టీరియా" అని ఎక్కడైనా హెడ్డింగ్ కనిపిస్తే నేను అక్కడితో ఆపేస్తాను, ఆ అంకె ఒక్కటే చేత్తో పట్టుకుని ఎవరూ ఏమీ తేల్చలేరు.

తేల్చగలిగేది ఇంకో ప్రశ్నతో. ఆ బ్యాక్టీరియా ఎక్కడ్నుంచి లేచింది?

ఈ ప్రశ్నను పట్టుకుని చేసిన పని అమెరికాలో ఒకటుంది. 2011లో కొలరాడో యూనివర్సిటీ పరిశోధకులు షికాగో, డెట్రాయిట్, క్లీవ్‌లాండ్, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మేవిల్ అనే చిన్న ఊరు, ఈ నాలుగు చోట్ల గాలిలో ఉన్న బ్యాక్టీరియా డీఎన్ఏ చదివి, మట్టిలో ఏవుంటాయి, ఆకుల మీద ఏవుంటాయి, మనుషుల, పశువుల, కుక్కల మలంలో ఏవుంటాయి అన్న జాబితాలతో పోల్చి చూశారు. వేసవిలో పెద్ద విశేషం లేదు, ఆకులవీ మట్టివీ. చలికాలంలో చెట్లు మోడువారి, నేల గడ్డకట్టిపోయాక డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ గాలిలో మాత్రం పెద్ద వాటా కుక్కల మలం నుంచి వచ్చినట్టు తేలింది. ఒకటి కార్ల ఊరు, ఇంకొకటి ఉక్కు ఊరు, గాలి పాడైందంటే ఎవరైనా వేలు చూపించేది ఫర్నేసు వైపే, దొరికింది మాత్రం సాయంత్రం పూట షికారుకి తీసుకెళ్లే పెంపుడు కుక్క. మన దగ్గర మంచు పడదు, చెట్లు అలా నెలల తరబడి మోడుగా నిలబడవు, కాబట్టి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి విశాఖకో కాన్పూర్‌కో అంటించలేం. తెచ్చుకోవాల్సింది ఆ పద్ధతిని. ఊరు మారితే దొంగ మారతాడు, ఒకే ఊళ్లో కాలం మారినా మారతాడు.

మరి మన దగ్గర ఏం కొలుస్తున్నారు? 2009లో ప్రకటించిన జాతీయ గాలి ప్రమాణాల్లో పన్నెండు పదార్థాలున్నాయి. పీఎం 10, పీఎం 2.5, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్, సీసం, అమ్మోనియా, బెంజీన్ వగైరా. ప్రాణమున్నది ఒక్కటీ లేదు. జంక్షన్లో పెట్టిన డిజిటల్ బోర్డు మీద ఎర్రగా పచ్చగా కనిపించే ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) ఈ పన్నెండులో ఎనిమిదింటి నుంచి కట్టిన లెక్క. ఇందులో పీఎం అంటే దుమ్ము బరువు, ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాములు అని. ఒక బ్యాక్టీరియా కణం బరువు సుమారుగా గ్రాములో లక్ష కోట్లో వంతు. ఇందాక చెప్పిన పై లెక్క, ఘనపు మీటరుకి పది లక్షల కణాలు, మొత్తం తూకం వేసినా ఒక్క మైక్రోగ్రామే వస్తుంది. రోజు మొత్తానికి పీఎం 10 పరిమితి వంద మైక్రోగ్రాములు. అంటే గాలిలో బ్యాక్టీరియా రెట్టింపైనా, వాటిలో మంచివి పోయి చెడ్డవి వచ్చి కూర్చున్నా బోర్డు మీద అంకె పెద్దగా కదలదు. సిమెంటు పొడికీ, మురుగు కాలువ తుంపర ఎండి మిగిలిన రేణువుకీ తేడా తెలియని తక్కెడ అది.

విచిత్రం ఏమిటంటే దుమ్ము తూకాలకు ముందే మనిషి గాలిలో సూక్ష్మజీవుల్ని లెక్కపెట్టాడు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాస్చర్ 1860లో మరిగించిన పోషక ద్రవం పోసి మూసిన సీసాలు పట్టుకుని ఆల్ప్స్ కొండలెక్కి, మంచునది దగ్గర ఇరవై సీసాలు తెరిచి మళ్లీ మూస్తే ఒక్కటే పాడైంది. ఆ తర్వాత పారిస్‌లో మోంసూరీ అబ్జర్వేటరీలో పియేర్ మికెల్ అనే ఆయన ఏళ్ల తరబడి ఊరి గాలిలో బ్యాక్టీరియా లెక్కలు రాసుకుంటూ కూర్చున్నాడు, పార్కులో ఎన్ని, నడిబొడ్డున రివోలీ వీధిలో ఎన్ని అని. నూట ముప్పై ఏళ్ల కిందటి మాట ఇది.

లెక్కపెట్టడంలో ఒక చిక్కుంది, అది దగ్గర్నుంచి చూస్తే గానీ తెలియదు. మా మేనకోడలు బీఎస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నప్పుడు ప్రాజెక్టు కోసం అగార్ (బ్యాక్టీరియా పెరగడానికి పెట్టే జెల్లీ లాంటి తిండి) పోసిన గాజు పళ్లేలు పట్టుకుని తిరిగింది, కాసేపు మూత తీసి పెట్టడం, మళ్లీ మూసి ల్యాబులో ఇంక్యుబేటర్లో పెట్టడం. ఒకటి బీచ్ రోడ్డులో, ఒకటి మా వీధి చివర గెడ్డ గట్టు మీద. (ఉత్తరాంధ్ర బయటివాళ్లకి: కొండల మీంచి దిగే వాగును మేము గెడ్డ అంటాం, ఊళ్లోకి వచ్చేసరికి చాలావాటిలో పారేది మురుగే.) తర్వాత ఫోటోలు చూపించింది. నేను గెడ్డ దగ్గరిది చూడగానే అసహ్యంగా ఉంటుందనుకున్నా, తీరా చూస్తే రెండు పళ్లేలూ ముద్దొచ్చేలా ఉన్నాయి, పసుపు చుక్కలు, నారింజ చుక్కలు, ఒకటి రెండు లేత గులాబీ.

"ఈ రంగులున్నవన్నీ ఎండకి తట్టుకునేవి మావయ్యా, అసలువి ఇందులో మొలవ్వు" అంది.

ఆ మాటలో పెద్ద సంగతే ఉంది. రంగు పదార్థం కొంత గొడుగులా పనిచేసి అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుతుంది, అందుకే బయటి గాలిలో బతికి ఉన్నవాటిలో రంగుగలవి ఎక్కువగా దొరుకుతాయి. పైగా గాలిలో ఉన్న వాటిలో పళ్లెంలో మొలిచేది చిన్న వాటా మాత్రమే. మిగతావి చచ్చినవో, బతికే ఉన్నా మనం పెట్టిన తిండి నచ్చనివో. కాబట్టి పళ్లెంలో చుక్కలు లెక్కపెట్టి ఈ వీధి శుభ్రం, ఆ వీధి మురికి అని తీర్పు చెప్పడం కుదరదు, చెప్పేవాళ్లను నమ్మొద్దు. డీఎన్ఏ చదివితే దాదాపు అన్నీ కనిపిస్తాయి, కానీ ఏది బతికుందో ఏది చచ్చిందో తెలియదు. రెండూ కలిపి చూడాలి. అయినా చచ్చిందంటే హాని లేదనుకోవడానికీ లేదు. కొన్ని రకాల బ్యాక్టీరియా గోడల ముక్కల్ని ఎండోటాక్సిన్ అంటారు, నూలు మిల్లుల్లో పనివాళ్లకు వారాంతపు సెలవు తర్వాత సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ పట్టేసి, జ్వరం తగిలినట్టుండే బాధకు పత్తి దుమ్ములోని ఈ ముక్కలే పెద్ద కారణమని ఎప్పుడో తేలింది.

ఇప్పుడు కాన్పూర్‌కి వద్దాం, తోలు ఫ్యాక్టరీల ఊరు. 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో కాన్పూర్‌లోనూ బొలీవియాలోని లా పాజ్‌లోనూ తెరిచి ఉన్న పెద్ద మురుగు కాలువల దగ్గర, కిలోమీటరు లోపు దూరాల్లో గాలి పట్టారు, పోలికకి అమెరికాలోని అట్లాంటా గాలి కూడా తీసుకున్నారు. కాన్పూర్, లా పాజ్ గాలిలో బతికి ఉన్న ఈ-కోలై (పేగుల్లో, మలంలో ఉండే బ్యాక్టీరియా) దొరికింది, విరేచనాలు తెప్పించే పేగు సూక్ష్మజీవుల జన్యువులు దొరికాయి. మురుగు గాలిలోకి ఎలా లేస్తుందంటే, నీళ్లు ఎత్తునుంచి పడినప్పుడు, నురగ బుడగలు పగిలినప్పుడు కంటికి కనిపించని తుంపర పైకి చిమ్ముతుంది, నీరు ఆవిరైపోగా లోపలున్నది తేలికై గాలివాటున పోతుంది. నేను ఇది చదివాక మా గెడ్డ కల్వర్టు దగ్గర ఆగి చూశాను. పై నుంచి మూడు పైపులు పడతాయి, కింద సబ్బు నురగ అడుగెత్తున తేలుతూ ఉంటుంది, దానికి ఇవతల పదడుగుల దూరంలో మిరపకాయ బజ్జీల బండి, దాని చుట్టూ సాయంత్రం పూట జనం. నేనూ తింటాను అక్కడ. బజ్జీ నూనెలో మరిగి వస్తుంది, దాంతో బాధ లేదు, పక్కన మూత లేని గిన్నెలో తరిగి పెట్టిన ఉల్లిపాయల సంగతే ఆలోచించాలి.

అయితే పారిశ్రామిక నగరానికి సొంతమైన మూలాలు కూడా ఉన్నాయి, ఇక్కడ ఫ్యాక్టరీని పూర్తిగా వదిలేయడానికి లేదు. గొట్టంలోంచి బ్యాక్టీరియా రాదు, ఆ వేడికి ఏదీ బతకదు. వచ్చేది కూలింగ్ టవర్లోంచి. రిఫైనరీలో, ఎరువుల ఫ్యాక్టరీలో, పెద్ద ఆసుపత్రి మేడ మీద, మాల్ వెనకాల కూడా ఉంటుంది ఇది. వేడెక్కిన నీళ్లను పై నుంచి పలకల మీదుగా జార్చి, ఫ్యానుతో గాలి లాగి చల్లబరుస్తారు, పైన తెల్లగా లేచే ఆవిరితో పాటు సన్నటి నీటి తుంపర కూడా కొంత బయటికి పోతుంది. లోపల గోరువెచ్చటి నీళ్లు, పలకల మీద జిగట పాచి, లెజియోనెల్లా అనే బ్యాక్టీరియాకి అంతకన్నా సుఖం లేదు. ఆ తుంపర పీలిస్తే వయసు మళ్లినవాళ్లకు, సిగరెట్లు తాగేవాళ్లకు ప్రాణాంతకమైన న్యుమోనియా రావచ్చు.

ఉత్తర ఫ్రాన్స్‌లో లాన్స్ దగ్గర ఒక పెట్రోకెమికల్ ప్లాంటు నుంచి 2003 చివర్లో సరిగ్గా ఇదే జరిగింది. 86 మందికి జబ్బు చేసింది, 18 మంది చనిపోయారు. ప్లాంటుకి ఆరు కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్లకు కూడా వచ్చింది. ఇందులో నన్ను బాగా ఇబ్బంది పెట్టే సంగతి ఏమిటంటే, కేసులు బయటపడ్డాక టవర్ ఆపేసి ప్రెషర్ పంపుతో కడిగారు, ఆ కడుగుడుకే పాచి తుంపరై లేచి రెండో విడత కేసులు వచ్చాయి. ఇంకో రెండేళ్లకి, 2005లో నార్వేలో సార్ప్స్‌బోర్గ్, ఫ్రెడ్రిక్‌స్టాడ్ ప్రాంతంలో 56 మందికి సోకి పది మంది పోయారు. అక్కడ మొదట దొరికిన మూలం కలప ప్రాసెస్ చేసే ఫ్యాక్టరీలోని ఎయిర్ స్క్రబ్బర్, అంటే గాలిలోంచి దుమ్మును నీళ్లతో కడిగేసే యంత్రం. పది కిలోమీటర్ల దూరం దాకా వెళ్లిందని లెక్కకట్టారు. తర్వాతి పరిశోధనలో వేళ్లు ఇంకా వెనక్కి పోయాయి, అదే ఫ్యాక్టరీలో వ్యర్థజలాన్ని శుద్ధి చేయడానికి గాలి ఊదే చెరువుల్లో లెజియోనెల్లా విపరీతంగా పెరుగుతోందని. రెండూ కాలుష్యం తగ్గించడానికి కట్టినవే. దుమ్ము తూకం వేసే అధికారి వచ్చి ఉంటే ఆ స్క్రబ్బర్‌కి మెచ్చుకుని సర్టిఫికెట్ ఇచ్చి వెళ్లేవాడు, ఇవ్వాల్సిందే కూడా, ఎందుకంటే అతను కొలిచేదాంట్లో అది పాసే.

ఇక పటాన్‌చెరు. ఈ పేరు లేకుండా పారిశ్రామిక నగరాలు, బ్యాక్టీరియా అన్న మాటలు తెలుగులో ఒకే వాక్యంలో రాయలేం. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులో దాదాపు తొంభై మందుల కంపెనీల వ్యర్థజలాల్ని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి పోయే నీళ్లను పరీక్షిస్తే, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. జ్వరానికి ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ, అదీ శుద్ధి చేసిన నీళ్లలో. అలాంటి నీళ్లలో బతికేది మందుకి లొంగని బ్యాక్టీరియానే. ఈ కథ నీళ్లది, చాలామందికి తెలిసిందే. తెలియనిది ఏమిటంటే అదే లార్సన్ బృందం 2016లో గాలి దగ్గరికి వచ్చింది. మనుషుల నుంచి, జంతువుల నుంచి, మట్టి నుంచి, నీళ్ల నుంచి ప్రపంచమంతా పోగుపడిన డీఎన్ఏ సమాచారాన్ని కలిపి చూస్తే, యాంటీబయాటిక్‌లకు లొంగని జన్యువుల్లో ఎక్కువ రకాలు కనిపించింది బీజింగ్ పొగమంచులో. ఆసుపత్రుల్లో చివరి అస్త్రంగా వాడే కార్బపెనెమ్ మందుల్ని పనిచేయనివ్వని జన్యువులు కూడా అందులో ఉన్నాయి. బతికున్న బ్యాక్టీరియావా కాదా అన్నది ఆ డీఎన్ఏని బట్టి చెప్పలేమని వాళ్లే రాశారు, కాబట్టి బీజింగ్ గాలి పీలిస్తే మందులు పనిచేయవు అని అర్థం తీయకండి, అలా తీసిన హెడ్డింగులు అప్పట్లో బోలెడు వచ్చాయి.

ఆ బీజింగ్ డీఎన్ఏ వచ్చింది ఎక్కడ్నుంచో చూడండి. 2013 జనవరిలో ఊరంతా పొగలో మునిగిపోయినప్పుడు షింగ్‌వా యూనివర్సిటీవాళ్లు పీఎం 2.5, పీఎం 10 పట్టిన ఫిల్టర్ కాగితాలు, వారం రోజులవి, మొత్తం పద్నాలుగు. దుమ్ము తూచడానికి వాడే అలాంటి కాగితాల్లోంచే డీఎన్ఏ తీసి పదమూడు వందల పైచిలుకు జాతుల్ని గుర్తుపట్టారు. ఎక్కువ భాగం మట్టి బ్యాక్టీరియా, అమాయకమైనవి, కొద్దిగా న్యుమోనియా తెచ్చేది కూడా ఉంది. మన దగ్గర కూడా మాన్యువల్ స్టేషన్లలో ఫిల్టర్ కాగితం పెట్టి, గాలి లాగి, ముందూ వెనకా తూచి, తేడా రాసుకుంటారు. తూకం అయిపోయాక ఆ కాగితంలో ఉన్న మిగతా సమాచారం అంతా వృథా. కొత్త యంత్రాలు కొనక్కర్లేదు, కొత్త బోర్డు పెట్టక్కర్లేదు, ఆ కాగితాల్లో కొన్నింటిని సీజనుకి ఒకసారి యూనివర్సిటీ ల్యాబుకి పంపితే చాలు. ఆంధ్రా యూనివర్సిటీ ఇదే ఊళ్లో ఉంది కదా.

ఖర్చు గురించి అడుగుతారని తెలుసు. 2019లో మొదలైన జాతీయ క్లీన్ ఎయిర్ కార్యక్రమంలో విశాఖపట్నం ఉంది, హైదరాబాద్ ఉంది, పటాన్‌చెరు కూడా ఉంది. దేశం మొత్తం మీద ఆ డబ్బులో సింహభాగం రోడ్డు దుమ్ము మీదే ఖర్చయింది. ఊడ్చే మిషన్లు, నీళ్లు చల్లే ట్యాంకర్లు, గాలిలోకి నీటి తుంపర చిమ్మే పొగమంచు ఫిరంగులు. ఢిల్లీలో ఇలా చల్లే నీళ్లు మురుగు శుద్ధి ప్లాంట్ల నుంచి వచ్చినవి. ఆలోచన మంచిదే, తాగే నీళ్లు రోడ్డు మీద పోయడం కన్నా నయం. కానీ శుద్ధి చివర్లో క్లోరినో, అతినీలలోహిత కాంతో సరిగా పడకపోతే మనం చేస్తున్న పని ఏమిటి? దుమ్ము బరువు తగ్గించడం కోసం మురుగుని సన్నటి పొగమంచుగా చేసి జనం ముక్కు ఎత్తున చల్లడం. అంకె తగ్గుతుంది, బోర్డు ఎరుపు నుంచి పసుపుకి మారుతుంది, ఫోటో దిగుతారు. ట్యాంకర్ నింపే ముందు ఆ నీళ్లలో ఈ-కోలై ఎంతుందో చూసిన కాగితం డ్రైవరు దగ్గర ఉండాలని అడగడం పెద్ద కోరికేం కాదు.

కూలింగ్ టవర్ల విషయంలో అయితే దారి ఎప్పుడో వేసి ఉంది. లాన్స్ తర్వాత ఫ్రాన్స్ వాటిని లైసెన్సు కిందకి తెచ్చి, నీళ్లు క్రమం తప్పకుండా పరీక్షించాలని నిబంధన పెట్టింది. న్యూయార్క్‌లో 2015 వేసవిలో సౌత్ బ్రాంక్స్‌లో వంద మందికి పైగా జబ్బు పడి, కొందరు చనిపోయాక, నెల తిరక్కుండా ప్రతి టవర్‌నీ రిజిస్టర్ చేయాలని చట్టం చేశారు. మన పారిశ్రామికవాడల్లో టవర్లు ఎన్ని, చివరిసారి ఎప్పుడు కడిగారు, పరీక్షలో ఏం వచ్చింది, ఈ మూడు ముక్కలు ఫ్యాక్టరీ గేటు దగ్గర బోర్డు మీద రాయమనండి. ప్రమాదకర రసాయనాల వివరాలు గేటు దగ్గర రాసే అలవాటు ఎలాగూ ఉంది, ఇంకో వరస పెరుగుతుంది అంతే.

నా గొడవ మాత్రం ఇంతకన్నా చిన్నది. ఏటా వానలకు ముందు గెడ్డలో పూడిక తీస్తారు, మంచి పనే, తియ్యకపోతే ఇళ్లలోకి నీళ్లొస్తాయి. తీసిన నల్ల బురదని గట్టు మీదే కుప్పపోసి వెళ్లిపోతారు. మొదట్లో కంపు, ఎండ కాస్తే రెండు మూడు రోజుల్లో కంపు పోయి బూడిద రంగుకి తిరుగుతుంది, జనం ఇక పర్లేదు అనుకుంటారు, ఆటోలు దాన్ని తొక్కుకుంటూ పోతాయి, మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగాక అది పొడిపొడిగా లేచి వీధిలో పడుతుంది. ఇంతకీ మురుగు ఎక్కువ ప్రయాణం చేసేది కంపు కొట్టేటప్పుడు కాదు, అది పోయాకే. సంబంధిత ఆఫీసులో చెప్తే, తడిది లారీకి ఎత్తితే దారి పొడుగునా కారుతుంది సార్, ఆరాక తీస్తాం అన్నారు. కారకుండా కింద టార్పాలిన్ పరిచిన లారీ ఒకటి పూడిక మిషన్ వెనకాలే వస్తే సరిపోతుంది. ఈసారి వానలకు ముందు మీ వీధిలో కూడా తీస్తారు కాబట్టి, తీసిన రోజే ఎత్తించండి, ఆరనివ్వకండి.